వాగుడు నుండి వాచికం దాకా: 'కలర్స్' స్వాతి నటనలో మాట, మౌనం

వ్యాససంగ్రహం:

ఆపకుండా మాట్లాడే చిన్నపిల్లను తెలుగు కుటుంబం ముద్దు చేస్తుంది. ఆ పిల్ల ఎదిగిన తరువాత అదే మాటను నోటిదురుసుగా లెక్కిస్తుంది. తెలుగు సినిమా కూడా వాగుడుకాయ నాయికను ఎంతగానో ఇష్టపడింది. కానీ ఆ పాత్రను ధరించిన నటి గొంతును తరచుగా పక్కన పెట్టి, వేరొకరి గొంతును వాడుకుంది. ఈ నేపథ్యంలో, టెలివిజన్ మాటకారిగా ప్రారంభమై నటిగా ఎదిగిన స్వాతి రెడ్డి ('కలర్స్' స్వాతి) కృషిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2008లో వచ్చిన 'జల్సా', 'సుబ్రమణ్యపురం', 'అష్టా చమ్మా' చిత్రాలలో ఆమె మాటకు ఏర్పడిన మూడు భిన్న స్థితులను భరతుని వాచికాభినయ పరిభాషతో వివేచిస్తుంది. వాగుడు వాచికంగా మారడానికి సహజమైన మాటకారితనం మాత్రమే చాలదనీ, వినడం, ఆగడం అనే రెండు శిక్షణలు అవసరమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వాచికాభినయం, కాకువు, విచ్ఛేదం, గాత్రదానం, వాగుడుకాయ, అష్టా చమ్మా, స్వాతి రెడ్డి, బాచుపల్లి.

1. ప్రవేశిక:

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని బాచుపల్లి రెండు రకాల విద్యకు చిరునామా. ఇంజనీరింగ్, వైద్య ప్రవేశ పరీక్షలకు పిల్లలను తయారుచేసే రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలు, వాటి హాస్టళ్లు ఆ పరిసరాలలో విరివిగా ఉన్నాయి. 1985లో ఏర్పడి, ప్రస్తుతం సురవరం ప్రతాపరెడ్డి పేరుతో ఉన్న తెలుగు విశ్వవిద్యాలయ ప్రాంగణం కూడా అక్కడే ఉంది. రంగస్థల కళలు ఆ విశ్వవిద్యాలయ బోధనాంశాలలో ఒకటి. మొదటి రకం విద్యలో మాట్లాడడం సమయం వృథా చేయడం. స్టడీ అవర్‌లో వినిపించే గొంతు క్రమశిక్షణ లోపానికి గుర్తు. రెండవ రకం విద్యలో మాటే పాఠ్యాంశం. గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ దించాలో, ఎక్కడ ఆపాలో అక్కడ నేర్పుతారు. మాట్లాడకుండా ఉండలేని ఒక అమ్మాయి ఈ రెండింటిలో మొదటి దారిలో అడుగుపెట్టి రెండవ దారిలోకి చేరితే ఏమవుతుంది? ఆ ప్రశ్నకు సమీపకాలపు తెలుగు సినిమాలో దొరికే ఉదాహరణ స్వాతి రెడ్డి.

1987లో సోవియట్ యూనియన్‌లోని వ్లాదివోస్తోక్‌లో పుట్టిన స్వాతి తండ్రి భారత నౌకాదళంలో పనిచేశారు. ఆమె బాల్యం ప్రధానంగా విశాఖపట్నంలో గడిచింది. ఎంసెట్ శిక్షణ కోసం హైదరాబాదుకు వచ్చిన ఈ అమ్మాయి, ఇరవై ఏళ్లు నిండకముందే మా టీవీలో 'కలర్స్' అనే యువతరం కార్యక్రమానికి వ్యాఖ్యాత అయింది. 2005లో కృష్ణవంశీ దర్శకత్వంలోని 'డేంజర్'తో సినిమాలలోకి వచ్చింది. ఈ వ్యాసం ఆమె జీవితచరిత్ర కాదు. ఆమె మాట ఎన్ని దశలు దాటి నటనగా మారిందో పరిశీలించడం మాత్రమే దీని పరిధి.

2. వసపిట్ట, వాగుడుకాయ: నుడికారంలోని లింగభేదం:

తెలుగు ఇళ్లలో పసిబిడ్డకు మాట త్వరగా, స్పష్టంగా రావాలని వసకొమ్మును అరగదీసి నాకించే ఆచారం ఉంది. ఆ ఆచారం నుండే గలగలా మాట్లాడే పిల్లను 'వసపిట్ట' అనడం వచ్చింది. అంటే మాటకారితనాన్ని కుటుంబం కోరి తెచ్చుకుంటుంది. మందుపెట్టి మరీ పిలుస్తుంది. అయితే ఆ పిల్లకు పదమూడు, పద్నాలుగేళ్లు రాగానే నిఘంటువు మారిపోతుంది. వసపిట్ట 'వాగుడుకాయ' అవుతుంది. మరికొంత ఎదిగితే 'నోరుగల మనిషి', పెళ్లయిన తరువాత 'గయ్యాళి'. ఒకే గుణానికి వయస్సును బట్టి ముద్దు, విసుగు, నింద అనే మూడు విలువలు ఏర్పడ్డాయి. మగపిల్లవాడి విషయంలో ఈ క్రమం ఇలా సాగదు. బాగా మాట్లాడే యువకుడు 'వక్త' అవుతాడు, 'మాటకారి' అవుతాడు, వ్యవహారదక్షుడు అవుతాడు.

ఈ క్రమంలోని చివరి మెట్టును తెలుగు సినిమా సూర్యకాంతం పాత్రలలో శాశ్వతం చేసింది. మధ్య మెట్టును, అంటే పెళ్లికాని వాగుడుకాయను, 2000 తరువాతి ప్రేమకథా చిత్రాలు నాయికగా మార్చాయి. ఆ మాట నాయకుణ్ణి మొదట విసిగించి, తరువాత ఆకర్షించి, చివరకు కట్టుబాట్ల ఇంటిని కదిలిస్తుంది. భాస్కర్ దర్శకత్వంలో 2006లో వచ్చిన 'బొమ్మరిల్లు'లోని హాసిని ఈ కోవలో అత్యంత ప్రసిద్ధమైన పాత్ర. ఆ పాత్రను జెనీలియా ధరించగా, గొంతు సవితారెడ్డిది. తెలుగు ప్రేక్షకులు ఎంతో ఇష్టపడిన వాగుడుకాయ తన సొంత గొంతుతో ఒక్క మాటా మాట్లాడలేదన్న విషయం విమర్శకు అందవలసినంతగా అందలేదు.

3. గొంతు ఒకరిది, దేహం ఒకరిది:

నటనను భరతుడు ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలుగా విభజించాడు. వాటిలో వాక్కును నాట్యానికి శరీరంతో సమానంగా భావించాడు. తక్కిన అభినయాలు వాక్యార్థాన్నే వ్యక్తం చేస్తాయన్నది ఆయన దృష్టి. ఆ లెక్కన వాచికాన్ని నటి నుండి వేరుచేయడమంటే నాట్య శరీరాన్నే విడదీయడం.

తెలుగు టాకీ ఈ విభజనతో ప్రారంభం కాలేదు. 1932 నాటి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించిన సురభి కమలాబాయి రంగస్థలం నుండి వచ్చిన నటి. ఆమె మాటా, పాటా ఆమెవే. ఆమె వెనుక 1885లో వనారస గోవిందరావు ప్రారంభించిన సురభి నాటక సంప్రదాయం ఉంది. ఆ కుటుంబాలలో పిల్లలు మాటలు నేర్చేదీ, సంభాషణలు నేర్చేదీ దాదాపు ఒకే కాలంలో. బాచుపల్లి నుండి మియాపూర్ మీదుగా శేరిలింగంపల్లికి వెళితే సురభి కాలనీ వస్తుంది. వసపిట్టను 'నోరు మూసుకో' అని కాకుండా 'ఈ మాట ఇక్కడ ఆపి చూడు' అని పెంచిన సంప్రదాయానికి అది నిలువెత్తు సాక్ష్యం. భానుమతి, సావిత్రి వంటి తరువాతి తరం నటీమణుల ప్రతిభలోనూ వారి గొంతుకు విడదీయరాని స్థానం ఉంది. భానుమతి విసురును మరొకరి గొంతులో ఊహించడం కష్టం.

క్రమంగా ఇతర భాషా ప్రాంతాల నుండి నాయికలు రావడం పెరిగిన కొద్దీ గాత్రదానం అనివార్యమైన వృత్తిగా స్థిరపడింది. 1967 నాటి 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడిగా నటించిన రోజారమణి, పెద్దయ్యాక నాయికగానూ, అనేకమంది నటీమణులకు గొంతునిచ్చిన కళాకారిణిగానూ పనిచేశారు. ఆమె ప్రస్థానం ఈ చరిత్రనంతటినీ ఒక్క జీవితంలో చూపుతుంది. బాలనటిగా తెరపై మాటకు ప్రసిద్ధి పొందిన కళాకారిణి తరువాతి కాలంలో తెర వెనుక మాటగా మిగిలారు. గాత్రదానం గొప్ప కళ. నంది పురస్కారాలు దానికి ప్రత్యేక విభాగం కేటాయించి గౌరవించాయి. ఇక్కడ ప్రశ్న ఆ కళాకారుల ప్రతిభ గురించి కాదు. తెలుగు తెలిసిన అమ్మాయి గొంతు తెర వెనుక, తెలుగు తెలియని అమ్మాయి ముఖం తెర మీద ఉండే ఏర్పాటు సహజమైనదిగా ఎలా చెలామణి అయిందన్నదే ప్రశ్న.

4. కార్యక్రమం పేరే ఇంటిపేరు:

తెలుగునాట ఇంటిపేరు తండ్రి నుండో, భర్త నుండో వస్తుంది. నటులకు నాటకం, సినిమా లేదా పాత్ర పేరు ఇంటిపేరుగా మారిన సందర్భాలూ ఉన్నాయి. స్వాతికి ఒక టెలివిజన్ కార్యక్రమం పేరు ఇంటిపేరు అయింది. 'షావుకారు' జానకికి ఆ పేరు ఒక సినిమా నుండి, అంటే నటన నుండి వచ్చింది. 'కలర్స్' స్వాతికి మాత్రం మాటల కార్యక్రమం నుండి వచ్చింది. ప్రేక్షకులు ఆమెను మొదట గుర్తించింది ముఖంతో పాటు గొంతుతో, వేగంతో, తెలుగూ ఇంగ్లీషూ కలిసిపోయిన కాలేజీ అమ్మాయి మాటతీరుతో.

వ్యాఖ్యాత మాటకూ, నటి మాటకూ మౌలికమైన భేదం ఉంది. వ్యాఖ్యాతకు మౌనం శత్రువు. రెండు క్షణాల ఖాళీ వస్తే ప్రేక్షకుడు చానల్ మారుస్తాడు. కాబట్టి ఆ ఖాళీని నింపడమే వ్యాఖ్యాత నైపుణ్యం. ఆమె మాట ఎదుటివారి మాటకు జవాబుగా పుట్టనవసరం లేదు. కెమెరా వైపు తిరిగి ఉంటే చాలు. నటికి ఆ ఖాళీయే పనిముట్టు. ఆమె మాట ఎదుటి పాత్ర చెప్పినదాని నుండి, చెప్పనిదాని నుండి పుట్టాలి. అందువల్ల గలగలా మాట్లాడే అమ్మాయి సహజంగానే మంచి నటి అవుతుందనే సాధారణ అభిప్రాయం సరైనది కాదు. ఆమెకు మాట్లాడడం వచ్చు కాబట్టి నటనలో నేర్చుకోవలసింది మాట్లాడడం కాదు.

5. 2008: మూడు చిత్రాలు, మూడు వాచికస్థితులు:

స్వాతి ప్రస్థానంలో 2008 విలక్షణమైన సంవత్సరం. కొన్ని నెలల వ్యవధిలో వచ్చిన మూడు చిత్రాలలో ఆమె గొంతుకూ, దేహానికీ గల సంబంధం మూడు విధాలుగా అమరింది. ఒక ప్రయోగశాలలో ఒక్కొక్క అంశాన్ని వేరుచేసి చూసినట్లుగా ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

5.1 దేహం లేని గొంతు - 'జల్సా':

త్రివిక్రమ్ శ్రీనివాస్ రచన, దర్శకత్వంలో ఏప్రిల్‌లో విడుదలైన 'జల్సా'లో ఇలియానా ధరించిన భాగ్యమతి పాత్రకు స్వాతి గాత్రదానం చేసింది. తన మాటతీరుతో పేరు తెచ్చుకున్న అమ్మాయి ఇక్కడ మరొకరి పెదవుల కదలికకు తన మాటను సరిపెట్టాలి. వేగం ఆమెది కాదు, విరామం ఆమెది కాదు. రెండూ అప్పటికే చిత్రీకరించిన ముఖంలో నిర్ణయమై ఉన్నాయి. ఇది కఠినమైన వినికిడి విద్య. ఎదుటి మనిషి ఊపిరి ఎక్కడ తీసుకుందో చూసి, తన ఊపిరిని అక్కడికి తెచ్చుకోవాలి. వ్యాఖ్యాతకు అలవాటైన స్వేచ్ఛకు ఇది పూర్తిగా వ్యతిరేకం. పరిశ్రమ దృష్టిలో ఇందులోనే ఒక వ్యంగ్యం కూడా ఉంది. తెరపై నాయికగా అప్పటికి అంతగా నిలదొక్కుకోని తెలుగు అమ్మాయి గొంతు మాత్రం అగ్రకథానాయకుని సరసన నిలవడానికి పనికివచ్చింది.

5.2 మాట తగ్గిన దేహం - 'సుబ్రమణ్యపురం':

జూలైలో విడుదలైన తమిళ చిత్రం 'సుబ్రమణ్యపురం' (దర్శకత్వం: శశికుమార్) 1980 నాటి మదురైలో జరుగుతుంది. స్వాతికి ఇది తొలి తమిళ చిత్రం. ఆమె ధరించిన తులసి, అళగర్‌ను ప్రేమిస్తుంది. ఈ ప్రేమలో సంభాషణ కంటే చూపుకు ప్రాధాన్యం ఎక్కువ. జేమ్స్ వసంతన్ సంగీతంలో ప్రసిద్ధమైన ప్రేమగీత చిత్రీకరణ దాదాపుగా చూపుల మార్పిడి. వెనుదిరిగి చూడడం, నవ్వును బిగబట్టడం, మళ్లీ చూడడం. మాటే మూలధనంగా వచ్చిన నటి నుండి మాటను తీసివేస్తే మిగిలేది ఏమిటి అన్న ప్రశ్నకు ఈ పాత్ర జవాబు.

అయితే తులసి మౌనం కేవలం అందం కోసం ఉద్దేశించినది కాదు. చివరికి అళగర్‌ను మృత్యుముఖానికి రప్పించడానికి ఆమె కుటుంబం ఆమెనే వాడుకుంటుంది. అంతవరకూ ఆమె మౌనాన్ని ప్రేమగా చదువుకున్న అళగర్, ప్రేక్షకుడు ఇద్దరూ ఒకేసారి మోసపోతారు. ఆమె ఏడుపులో అపరాధభావమూ, నిస్సహాయతా కలిసి ఉంటాయి. మాట్లాడనివ్వని ఇంట్లో పెరిగిన అమ్మాయికి దొరికిన ఒకే ఒక్క సందర్భం కూడా ఇంటివారు నిర్ణయించినదే. వాగుడు లేకుండా ఈ బరువును మోయడంలో స్వాతి సాత్త్వికాభినయం బయటపడింది.

5.3 గొంతూ దేహం కలిసిన పాత్ర - 'అష్టా చమ్మా':

2008 సెప్టెంబరు 5న విడుదలైన 'అష్టా చమ్మా'కు ఇంద్రగంటి మోహనకృష్ణ దర్శకుడు. చలం కథ 'దోషగుణం' ఆధారంగా 'గ్రహణం' తీసిన ఈయన, ఈసారి ఆస్కార్ వైల్డ్ 1895 నాటి హాస్యనాటకం 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్'ను తెలుగు నేలకు తెచ్చారు. వైల్డ్ నాటకంలో గ్వెండలిన్‌కు 'ఎర్నెస్ట్' అనే పేరున్న వాడే భర్తగా కావాలి. తెలుగు చిత్రంలో లావణ్యకు 'మహేష్' అనే పేరున్న వాడే కావాలి. కథానాయకుడు మహేష్‌బాబు మీద అభిమానం ఆ కోరికకు మూలం. నాని ధరించిన యువకుడు నగరంలో మహేష్, ఊరిలో రాంబాబు.

ఈ అనుసరణలోని కీలకమైన మార్పు కథలో కంటే మాటలో ఉంది. భరతుడు కాకువును సాకాంక్ష, నిరాకాంక్ష అని రెండు విధాలుగా చెప్పాడు. అర్థం పూర్తికాకుండా ఇంకా ఏదో కోరుతున్నట్లు వినిపించేది సాకాంక్ష. అర్థం ముగిసినట్లు వినిపించేది నిరాకాంక్ష. వైల్డ్ పాత్రల సంభాషణ ప్రధానంగా నిరాకాంక్షం. ప్రతి వాక్యం చెక్కి పెట్టిన సూక్తిలా ముగుస్తుంది. ఆ తరువాత కలుపడానికి ఏమీ ఉండదు. లావణ్య మాట సాకాంక్షం. ఆమె ఒక విషయం మొదలుపెట్టి, మధ్యలో మరొకటి అందుకుని, తనను తానే సరిదిద్దుకుని, చెప్పవలసినది ఇంకా మిగిలే ఉందన్నట్లు ఆగుతుంది. లండన్ ఉన్నత కుటుంబపు చమత్కారం హైదరాబాదు మధ్యతరగతి అమ్మాయి వాగుడుగా మారిన చోటు ఇదే. ఈ మార్పు కాగితం మీద రచయిత చేయగలిగినది కొంత. మిగిలినది ఆ సాకాంక్షను గొంతులో నిలపగల నటి ఉంటేనే సాధ్యం.

పాఠ్యానికి భరతుడు చెప్పిన ఆరు అంగాలలో మొదటిది విచ్ఛేదం, అంటే విరామం వలన ఏర్పడే తెగింపు. 'అష్టా చమ్మా'లో స్వాతి సాధించిన పరిణతి ఈ విచ్ఛేదంలో ఉంది. వ్యాఖ్యాతగా ఆమె ఖాళీని నింపేది. లావణ్యగా ఆమె ఖాళీని కనిపెట్టింది. ఒక పేరును పట్టుకుని జీవితాన్ని నిర్ణయించుకోవడంలోని అసంబద్ధత ఆ పాత్రకు కొంత తెలుసునన్న అనుమానం ప్రేక్షకుడికి కలిగేది ఆ ఖాళీలలోనే. అక్కడ వాగుడు మూర్ఖత్వానికి గుర్తుగా కాక, తన కోరికను తానే పరీక్షించుకునే పద్ధతిగా వినిపిస్తుంది. హాసినికీ, లావణ్యకూ గల తేడా ఇది. హాసిని మాట ఇతరులను మారుస్తుంది. లావణ్య మాట మొదట ఆమెనే కదిలిస్తుంది. ఈ పాత్రకు స్వాతి ఉత్తమ నటిగా నంది పురస్కారం అందుకుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. లావణ్య స్వాతి టెలివిజన్ వ్యక్తిత్వానికి దగ్గరగా ఉన్న పాత్ర కాబట్టి అది నటన కాదు, ఆమె స్వభావమే అని. 'సుబ్రమణ్యపురం' ఈ అభ్యంతరానికి సమాధానం. రెండు నెలల వ్యవధిలో వచ్చిన రెండు పాత్రలలో ఒకటి మాటతో, ఒకటి చూపుతో నిలిచినప్పుడు, రెండింటినీ స్వభావానికి ఆపాదించడం కుదరదు. పైగా సహజంగా కనిపించే మాటకారితనాన్ని నటనగా గుర్తించకపోవడం స్త్రీల విషయంలో పాత అలవాటు. సూర్యకాంతం నిజజీవితంలోనూ గయ్యాళే అనుకున్న ప్రేక్షకుల అమాయకత్వం విమర్శకు తగదు.

6. మాట ఇంకిన లేఖ:

మలయాళ 'ఆమెన్' (2013), తెలుగు 'స్వామిరారా' (2013), 'కార్తికేయ' (2014) వంటి చిత్రాల తరువాత కొంత విరామం తీసుకున్న స్వాతి, 2023లో శ్రీకాంత్ నాగోతి దర్శకత్వంలోని 'మంత్ ఆఫ్ మధు'లో లేఖగా కనిపించింది. నేపథ్యం విశాఖపట్నం. మద్యానికి బానిసైన భర్త నుండి దీర్ఘ దాంపత్యం తరువాత విడిపోదలచిన స్త్రీ లేఖ. లావణ్యలో పొంగిన మాట ఈ పాత్రలో ఇంకిపోయింది. తులసి మౌనం ఇతరులు విధించినది. లేఖ మౌనం ఆమె స్వయంగా చేసుకున్న నిర్ణయం. చెప్పవలసినదంతా చెప్పి చూసి, వినేవారు లేరని తేలిన తరువాత మిగిలే మౌనమది. ఒకప్పటి వాగుడుకాయ గొంతును ఎరిగిన ప్రేక్షకుడికి ఈ నిశ్శబ్దంలో అదనపు అర్థం వినిపిస్తుంది. ఒక నటి పాత పాత్రల మాట ఆమె కొత్త పాత్రల మౌనానికి ధ్వనిగా పనిచేయడం ఇక్కడి విశేషం.

7. తరగతి గదికి సంబంధించిన ప్రశ్న:

ఈ పరిశీలన సినిమాకే పరిమితమైనది కాదు. ఎంసెట్ కోసం వచ్చిన ఒక అమ్మాయి ఒక కార్యక్రమం దొరకడం వల్ల తన మాటను నిలబెట్టుకోగలిగింది. అటువంటి అవకాశం దొరకని వసపిట్టలు బాచుపల్లి హాస్టళ్లలో ఎందరో ఉంటారని ఊహించడానికి ప్రత్యేక ఆధారాలు అక్కర్లేదు. రెండేళ్ల నిశ్శబ్దం తరువాత డిగ్రీ తరగతికి వచ్చిన విద్యార్థిని సెమినార్‌లో, మౌఖిక పరీక్షలో నోరు మెదపలేకపోతే, అధ్యాపకులు దానిని 'భావవ్యక్తీకరణ లోపం' అంటారు. ఆ లోపం పుట్టుకతో వచ్చినది కాదు, నేర్పినది.

తెలుగు శాఖలు ఇక్కడ చేయగలిగింది ఉంది. నాటకాన్ని పాఠ్యగ్రంథంగా చదివి సంగ్రహం రాయించడంతో సరిపెట్టక, పాత్రలుగా చదివించవచ్చు. 'కన్యాశుల్కం'లో మధురవాణి మాట ఎక్కడ ఆగుతుందో గొంతుతో కనుక్కున్న విద్యార్థినికి కాకువు లక్షణం వేరుగా బట్టీపట్టవలసిన అవసరం రాదు. సురభి కుటుంబాలు నూరేళ్లకు పైగా చేస్తున్న పని కూడా మౌలికంగా ఇదే.

8. ముగింపు:

1. తెలుగు నుడికారం ఆడపిల్ల మాటకు వయస్సును బట్టి విలువ మారుస్తుంది. వసపిట్ట, వాగుడుకాయ, గయ్యాళి అనే క్రమం దీనికి నిదర్శనం.

2. తెలుగు సినిమా వాగుడుకాయ పాత్రను ఆదరించినా, ఆ పాత్ర గొంతును నటి నుండి వేరుచేయడాన్ని సహజంగా స్వీకరించింది. 'బొమ్మరిల్లు' హాసిని ఇందుకు ఉదాహరణ.

3. 2008లో స్వాతి చేసిన మూడు చిత్రాలు వరుసగా దేహం లేని గొంతును, మాట తగ్గిన దేహాన్ని, రెండూ కలిసిన సంపూర్ణ వాచికాన్ని చూపుతాయి. మొదటిది వినడాన్ని, రెండవది ఆగడాన్ని కోరింది. మూడవదానిలో ఆ రెండూ మాటలో కలిసిపోయాయి.

4. వైల్డ్ నిరాకాంక్ష సంభాషణ 'అష్టా చమ్మా'లో సాకాంక్ష వాగుడుగా మారింది. ఈ మార్పును సాధ్యం చేసినవారిలో రచయితతో పాటు నటికీ సమానభాగం ఉంది.

5. మాటకారి పిల్లకు కావలసింది నిశ్శబ్దం విధించడం కాదు, విరామం నేర్పడం. ఇంటికి, రంగస్థలానికి, తరగతి గదికి ఈ సూత్రం ఒకే విధంగా వర్తిస్తుంది.